విద్యార్థికి తృప్తినిచ్చే ఆన్‌లైన్ కోర్సును ఎలా నడపాలి

మీ విభాగాధిపతి మీకు ఒక ఆన్‌లైన్ కోర్సు అప్పగించారనుకుందాం. వ్యవధి ఎనిమిది వారాలు, క్రెడిట్లు రెండు, డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులు అరవై మంది, సబ్జెక్టు గణాంకశాస్త్ర పరిచయం. ఇటువంటి బాధ్యత మీద పడిన అధ్యాపకులు ముందుగా ఆలోచించేది కెమెరా గురించి, లైట్ల గురించి, వీడియో ఎడిటింగ్ గురించి. నేనూ అలాగే మొదలుపెట్టాను. కోర్సు ముగిశాక విద్యార్థులు రాసిచ్చిన అభిప్రాయాలు చదివితే వీడియోల ప్రస్తావన ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉంది. మిగిలినదంతా "మార్కులు ఎప్పుడు వేస్తారో చెప్పలేదు", "డౌటు అడిగితే వారం దాకా జవాబు రాలేదు", "ఏ వారం ఏం చేయాలో వెతుక్కోవలసి వచ్చింది" అన్న ధోరణిలోనే సాగింది. తరగతి గదిలో కూర్చున్న విద్యార్థికి రెండు సంగతులు అడగకుండానే తెలిసిపోతాయి: చదువులో తానెక్కడున్నాడో ఒకటి, అడిగితే పలికేవారు ఎదురుగా ఉన్నారన్నది రెండోది. ఆన్‌లైన్‌లో ఈ రెండూ ఎవరో ఒకరు పనిగట్టుకుని తెలియజేస్తే తప్ప తెలియవు. కింద చెప్పిన పనులన్నీ ఆ రెండింటి కోసమే. కెమెరా సంగతి మధ్యలో ఎక్కడో వస్తుంది.

మొదటి పని: విద్యార్థుల వేళలు, ఫోన్లు తెలుసుకోండి

ప్రణాళిక రాయడానికి కనీసం వారం ముందు ఒక చిన్న గూగుల్ ఫారం పంపండి. ప్రశ్నలు ఐదు చాలు. పాఠం చూసేది సొంత ఫోనులోనా, ఇంట్లో మరొకరి ఫోనులోనా, కంప్యూటరులోనా? ఉండేది ఇంటి దగ్గరా, హాస్టల్లోనా? రోజువారీ డేటా మామూలుగా ఏ వేళకు అయిపోతుంది? వారంలో ఖచ్చితంగా ఖాళీగా ఉండే రెండు గంటలు ఏవి? ఇంటర్మీడియట్ ఏ మాధ్యమంలో చదివారు?

ఈ ఐదు జవాబులూ మీ కోర్సు రూపురేఖలను నిర్ణయిస్తాయి. నేను ఈ ఫారం పంపకుండా మొదటిసారి లైవ్ క్లాసును సాయంత్రం నాలుగున్నరకు పెట్టాను, కాలేజీ వదిలే వేళ కదా, అందరికీ అనుకూలమని. ఊళ్ల నుంచి వచ్చి పోయే విద్యార్థులంతా ఆ వేళకు కాలేజీ బస్సులో ఉంటారన్న ఆలోచన నాకు రాలేదు. సిగ్నల్ అందని ఊళ్ల మీదుగా బస్సు పోతుండగా నేను వేరియన్స్ సూత్రం వివరిస్తూ ఉండేవాణ్ని. పేర్లు ఒక్కొక్కటిగా తెర మీద మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంటే విద్యార్థులకు శ్రద్ధ లేదని విసుక్కునేవాణ్ని. మరుసటి సెమిస్టరులో ఫారం పంపితే ఎక్కువమంది రాసిన వేళ రాత్రి ఎనిమిదిన్నర.

రెండో పని: ఒక్క పేజీలో కోర్సు మొత్తం రాసి ఇవ్వండి

మొదటి రోజే విద్యార్థి చేతికి ఒక పేజీ పీడీఎఫ్ అందాలి. అందులో వారం వారం ఏ అంశం వస్తుందో, వీడియోలు ఏ రోజు పెడతారో, క్విజ్ గడువు ఎప్పుడో, ఏ పనికి ఎన్ని మార్కులో, మార్కులు ఎన్ని రోజుల్లో వేస్తారో, సందేహాలు ఎక్కడ అడగాలో ఉండాలి. వారానికి ఎన్ని గంటల పని పడుతుందో కూడా ఒక అంకెగా రాయండి. ఈ చివరిది చాలామంది రాయరు. ఎందుకంటే రాయాలంటే ముందు తామే కూర్చుని లెక్క వేసుకోవాలి.

మీ విద్యార్థుల్లో కొందరు ఇప్పటికే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో ఏదో ఒక కోర్సు చేసి ఉంటారు. స్వయం 2017 జూలై 9న ప్రారంభమైంది. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం దాకా దాని ద్వారా చదివి క్రెడిట్లు పొందడానికి యూజీసీ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. అందువల్ల వారు మీ కోర్సును దానితో పోల్చి చూస్తారు. అక్కడి నుంచి నేర్చుకోదగినది ఒకటుంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే, స్వయంలోనే దొరికే ఎన్‌పీటెల్ కోర్సుల్లో మార్కుల నిబంధన రెండు మూడు వాక్యాల్లో ముగిసిపోతుంది: అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75; పన్నెండు వారాల కోర్సయితే ఉత్తమమైన 8 అసైన్‌మెంట్ల సగటునే లెక్కలోకి తీసుకుంటారు; సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 విడివిడిగా రావాలి. పన్నెండింటిలో ఎనిమిదే లెక్కించడంలోని తెలివి గమనించండి. జ్వరం వచ్చినవాడు, అక్క పెళ్లికి ఊరెళ్లినవాడు, ఫోను పాడైనవాడు మీ దగ్గరికి వచ్చి బతిమాలుకోవలసిన అవసరం ఉండదు. మీరూ ఎవరి కారణం నిజమో, ఎవరిది సాకో తీర్పు చెప్పనక్కర్లేదు. మీ ఎనిమిది వారాల కోర్సులో ఉత్తమమైన ఆరు క్విజ్‌లను లెక్కిస్తామని రాయండి, రాసినదానికి కట్టుబడి ఉండండి.

గడువును అర్ధరాత్రి 12 గంటలకు పెట్టే అలవాటు మానుకోవడం మంచిది. ఆ వేళకు పోర్టల్ మొరాయిస్తే సహాయం చేయడానికి మీరు మేలుకుని ఉండరు. రాత్రి 10 గంటలు సరైన గడువు.

మూడో పని: పాఠాన్ని ముక్కలు చేసి చెప్పండి

స్వయం కోర్సులకు నాలుగు భాగాలు ఉండాలన్నది నియమం: వీడియో, చదువుకునే పాఠ్యం, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చావేదిక. నాలుగింటిలో వీడియో ఒక్క భాగమే. అయినా మన శ్రమలో ముప్పాతిక దానికే పోతుంది కనుక ఆ శ్రమ వృథా కాకుండా చూసుకోవాలి.

ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సులు నాలుగింటిలో విద్యార్థులు వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను ఫిలిప్ గువో, ఆయన సహచరులు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థి దాని ముందు నిలిచే సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలకు మించలేదు. స్టూడియోలో ఖర్చు పెట్టి తీసిన వీడియోల కన్నా అధ్యాపకుడు తన బల్ల దగ్గర కూర్చుని మాట్లాడినవాటికీ, స్లయిడ్లు చదివేయడం కన్నా చేత్తో రాస్తూ చెప్పినవాటికీ ఆదరణ ఎక్కువగా కనిపించింది. కాబట్టి యాభై నిమిషాల క్లాసును రికార్డు చేసి అలాగే ఎక్కించకండి. ఒక వీడియోలో ఒక్క ప్రశ్న తీసుకుని, ఆరేడు నిమిషాల్లో దాన్ని తేల్చి ముగించండి.

ఉదాహరణకు స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, తెలుగులో క్రమ విచలనం) పాఠం తీసుకుందాం. "క్రమ విచలనం: నిర్వచనం, సూత్రం, ధర్మాలు, ఉపయోగాలు" అన్న శీర్షికతో మొదలుపెడితే విద్యార్థి రెండో నిమిషంలోనే ఫోనులో మరోవైపు వెళ్లిపోతాడు. అదే పాఠాన్ని ఇలా మొదలుపెట్టవచ్చు. మీ ఊరికి రెండు పల్లెవెలుగు బస్సులున్నాయి. మొదటిది గడిచిన మూడు రోజుల్లో వరుసగా 9, 10, 11 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. రెండోది ఒక రోజు సరైన వేళకే వచ్చింది, మర్నాడు 10 నిమిషాలు, ఆ మర్నాడు 20 నిమిషాలు ఆలస్యమైంది. రెండింటి సగటు ఆలస్యమూ 10 నిమిషాలే. పరీక్ష రోజున మీరు ఏ బస్సును నమ్ముకుంటారు? ఈ ప్రశ్న వేసి పది సెకన్లు ఊరుకోండి. సగటు చెప్పలేనిది ఏదో ఉందని విద్యార్థికి ఆ పది సెకన్లలో అర్థమవుతుంది. ఆ తరువాత సూత్రం రాస్తే దాని అవసరం తెలిసినవాడు వింటాడు. మొదటి బస్సుకు 1, రెండోదానికి 10 వస్తుంది. ఆ రెండు అంకెల దగ్గర వీడియో ఆపేయండి. ధర్మాలూ ఉపయోగాలూ తరువాతి వీడియోలో చెప్పుకోవచ్చు.

చిత్రం కొంచెం మసకగా ఉన్నా విద్యార్థి సర్దుకుంటాడు, మాట స్పష్టంగా వినిపించకపోతే మాత్రం సర్దుకోలేడు. ఖరీదైన మైకు అవసరం లేదు. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోను మైకు చాలు, తలుపులు మూసి ఫ్యాను ఆపి మాట్లాడితే సరిపోతుంది. మా ఇంట్లో అయితే తెల్లవారుజామున అయిదింటికి రికార్డు చేయడమే శరణ్యం, ఆరు దాటితే వంటింట్లో కుక్కరు విజిలు, ఏడు దాటితే సందులో కూరగాయల బండి మైకు. స్లయిడు మీది అక్షరాలు అరచేతిలోని ఫోనులో కనిపించాలి కనుక మీ కంప్యూటరులో చూసి బాగుందనుకోకుండా, ఫోనులో తెరిచి చేయి చాచి పట్టుకుని చదివి చూడండి. డేటా తక్కువున్నవారి కోసం ప్రతి పాఠానికీ ఆడియో ఫైలు, నాలుగు పేజీల నోట్సు కూడా పెట్టండి. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో తీసిన పది నిమిషాల ఆడియో 5 ఎంబీలోపే ఉంటుంది.

ఇక భాష. పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి కదా అని పాఠమంతా ఇంగ్లీషులో చెబితే తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి రెండు సబ్జెక్టులు ఒకేసారి చదువుతున్నట్లవుతుంది. వివరణ తెలుగులో చెప్పి, పారిభాషిక పదాలు పరీక్షలో ఎలా వస్తాయో అలాగే ఉంచి, చివర ఒక్క నిమిషం అదే విషయాన్ని జవాబుపత్రంలో రాయవలసిన ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పండి. ఆ చివరి నిమిషాన్ని విద్యార్థులు వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ వింటారు.

నాలుగో పని: తప్పు జవాబుకు జవాబు రాయండి

నా మాట నమ్మి ఈ వ్యాసంలో ఒక్కటే పాటించదలచుకుంటే దీన్ని పాటించండి. క్విజ్‌లో తప్పు పెట్టిన విద్యార్థికి తెర మీద ఎర్రటి ఇంటూ గుర్తు మాత్రమే కనిపిస్తే అతనికి అందేది అవమానం. తప్పు ఎక్కడ జరిగిందో కనిపిస్తే అందేది పాఠం. ఆన్‌లైన్ క్విజ్‌కు తరగతి గది మీద ఉన్న నిజమైన ఆధిక్యం ఇదే: అరవై మందికీ ఎవరి తప్పును బట్టి వారికి, ఆ క్షణంలోనే సమాధానం చెప్పగలదు. అందుకు మీరు చేయవలసిందల్లా ఆప్షన్లను తోచినట్లు కాక, విద్యార్థులు నిజంగా చేసే తప్పుల నుంచి తయారుచేసుకోవడం.

రెండో బస్సునే ప్రశ్నగా ఇవ్వండి. ఆలస్యాలు 0, 10, 20 నిమిషాలు. ఇవి నమూనాగా తీసుకున్న మూడు రోజులు. స్టాండర్డ్ డీవియేషన్ ఎంత? ఆప్షన్లు నాలుగు: 0, 8.16, 10, 100. సరైన జవాబు 10. మిగిలిన మూడూ ఊరికే వేసిన అంకెలు కావు.

0 ఎంచుకున్నవారికి కనిపించవలసిన మాట: "సగటు నుంచి తేడాలు -10, 0, 10. వీటిని వర్గం చేయకుండా కూడారు కనుక సున్నా వచ్చింది. ఏ దత్తాంశానికైనా ఇలా కూడితే సున్నాయే వస్తుంది. అందుకే వర్గం చేస్తాం. మొదటి వీడియో మూడో నిమిషం నుంచి మళ్లీ చూడండి."

100 ఎంచుకున్నవారికి: "లెక్క అంతా సరిగ్గా చేశారు. 100 అనేది వేరియన్స్. చివరి మెట్టు మిగిలిపోయింది, వర్గమూలం తీయండి. నిమిషాల్లో కొలిచిన ఆలస్యానికి జవాబు కూడా నిమిషాల్లోనే రావాలి."

8.16 ఎంచుకున్నవారికి: "మీరు 200ను 3తో భాగించారు. మనకు కావలసింది ఈ మూడు రోజుల సంగతి మాత్రమే అయితే మీ జవాబు సరైనదే. కానీ ఈ మూడు రోజులను బట్టి బస్సు తీరును అంచనా వేస్తున్నాం కనుక ఒకటి తగ్గించి 2తో భాగించాలి."

మూడో జవాబులో "మీ జవాబు సరైనదే, అయితే" అన్న మాట ఎంత పని చేస్తుందో చూడండి. సగం తెలిసిన విద్యార్థిని ఏమీ తెలియనివాడితో ఒకే గాటన కట్టకపోవడం అతని దృష్టిలో న్యాయం.

ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి వాడే మూడుల్ వంటి వేదికలో ఒక్కొక్క ఆప్షనుకూ విడిగా ఇలా రాసే వీలుంది. గూగుల్ ఫారం క్విజ్‌లో తప్పు జవాబులన్నిటికీ కలిపి ఒకే వివరణ పెట్టగలం కాబట్టి, "మీకు 0 వచ్చిందా? 100 వచ్చిందా? 8.16 వచ్చిందా?" అని మూడింటినీ ఆ ఒక్క పెట్టెలోనే రాయండి. ఒక ప్రశ్నకు ఇంత రాయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. వారానికి పది ప్రశ్నలు ఇచ్చి వివరణ లేకుండా వదిలేయడం కన్నా, ఐదే ప్రశ్నలు ఇచ్చి ఐదింటికీ ఇలా రాయడం మేలు. క్విజ్‌ను రెండుసార్లు రాసే అవకాశమిచ్చి, ఎక్కువ వచ్చిన మార్కు లెక్కించండి.

ఐదో పని: సోమవారం ఉత్తరం, సందేహాల వేళ

దూరవిద్య గురించి మైకేల్ మూర్ 1989లో రాస్తూ విద్యార్థికి మూడు సంబంధాలు ఉంటాయన్నారు: పాఠంతో, అధ్యాపకుడితో, తోటి విద్యార్థులతో. రికార్డు చేసిన కోర్సుల్లో మొదటిది మిగిలి, తక్కిన రెండూ ఎండిపోతాయి. రెండోది బతికించడానికి రోజంతా ఫోను పట్టుకుని కూర్చోనవసరం లేదు. ఎప్పుడు పలుకుతారో చెప్పి ఆ వేళకు పలకడం చాలు.

ప్రతి సోమవారం ఉదయం ఒకే వేళకు ఒక చిన్న ఉత్తరం పంపండి. నాలుగో వారం ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"అందరికీ నమస్కారం. పోయిన వారం క్విజ్‌లో ఎక్కువమంది తడబడింది మూడో ప్రశ్న దగ్గర, వర్గమూలం తీయడం మరిచిపోయారు. అందుకని ఈ వారం మొదటి వీడియోలో ముందు రెండు నిమిషాలు దానికే కేటాయించాను. ఈ వారం పని: మూడు వీడియోలు, మొత్తం 22 నిమిషాలు, నోట్సు నాలుగు పేజీలు, ఒక క్విజ్, గడువు ఆదివారం రాత్రి 10. అన్నీ కలిపి మూడు గంటల పని, అంతకన్నా ఎక్కువ పడుతుంటే నాకు రాయండి. మూడో వారం మార్కులు పోర్టల్‌లో ఉన్నాయి. బుధ, శుక్రవారాల్లో రాత్రి 8 నుంచి 9 వరకు సందేహాలకు జవాబులు రాస్తాను."

ఇందులో మొదటి వాక్యం ముఖ్యమైనది. పోయిన వారం వారు చేసినదాన్ని మీరు చూశారని, చూసి ఏదో మార్చారని అది చెబుతుంది. ఉత్తరం మొత్తాన్ని ముందే ఎనిమిది వారాలకూ రాసి పెట్టుకుంటే ఈ వాక్యం రాయలేరు.

సందేహాలకు చోటు ఒక్కటే ఉండాలి. వాట్సాప్ గ్రూపులో కొన్ని, మెయిల్‌కు కొన్ని, సీఆర్ (తరగతి ప్రతినిధి) ద్వారా కొన్ని వస్తే మీరు సగం మరిచిపోతారు, విద్యార్థి మీరు పట్టించుకోలేదనుకుంటాడు. వాట్సాప్ గ్రూపును ప్రకటనలకే ఉంచి, అడ్మిన్ మాత్రమే రాసేలా పెట్టండి. "గుడ్ మార్నింగ్" బొమ్మల మధ్య గడువు తేదీ కొట్టుకుపోకుండా ఉంటుంది. సందేహాలు గూగుల్ క్లాస్‌రూమ్‌లోనో చర్చావేదికలోనో అడగమనండి. అక్కడ అరవై మంది ముందు అడగడానికి బిడియపడేవారు ఎక్కువే కనుక పేరు రాయనవసరం లేని ఒక ఫారం కూడా ఇవ్వండి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా, వాక్యం తప్పుగా ఉన్నా, నోట్సు పేజీకి ఫొటో తీసి "ఈ లైను అర్థం కాలేదు" అన్నా సరేనని మొదటి రోజే చెప్పండి. ఆ ఫారంలో వచ్చిన ప్రశ్నలనూ మీ జవాబులనూ ఒకే గూగుల్ డాక్యుమెంటులో వరుసగా పేరుస్తూ పోతే ఐదో వారానికి అది మీ నోట్సు కన్నా ఎక్కువమంది చదివే కాగితమవుతుంది.

రెండో వారం ముగిసేసరికి ఒక్కసారి కూడా లాగిన్ కానివారి జాబితా తీసి వారికి ఫోను చేయండి. అరవై మందిలో ఐదారుగురి కన్నా ఎక్కువ ఉండకపోవచ్చు. ఇంటి నంబరుకు కాకుండా విద్యార్థి నంబరుకే చేయండి. ఇంటికి చేస్తే మీరు ఫిర్యాదు చేస్తున్నారని తల్లిదండ్రులు అనుకుంటారు, ఆ తరువాత విద్యార్థి మీ ఫోను ఎత్తడు. "ఎందుకు రాలేదు" అని కాకుండా "లాగిన్ అవుతోందా" అని అడగండి. చాలాసార్లు కారణం మరిచిపోయిన పాస్‌వర్డే.

ఆరో పని: లైవ్ క్లాసులో పాఠం చెప్పకండి

వీడియోలో చెప్పిన పాఠాన్నే లైవ్‌లో మళ్లీ చెబితే వీడియో చూసినవారు రావడం మానేస్తారు, చూడనివారు ఇక చూడరు. వారానికి ఒక్క లైవ్ క్లాసు, నలభై నిమిషాలు, లెక్కలు చేయించడానికి మాత్రమే పెట్టండి. హాజరుకు మార్కులు వద్దు. కెమెరాలు పెట్టమని బలవంతం వద్దు; ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇళ్లు, వెనుక తాడు మీద బట్టలు ఆరేసిన హాస్టల్ గదులు తెర మీదికి రావడం విద్యార్థులకు ఇష్టం ఉండదు.

తోటి విద్యార్థులతో సంబంధం కోసం నలుగురేసి జట్లు కట్టండి. రోల్ నంబర్ల వరుసలో కాకుండా, మొదటి ఫారంలో ఖాళీ వేళలు కలిసినవారిని ఒక జట్టులో వేయండి. జట్టుకు ఒక్క పని చాలు: లైవ్ క్లాసుకు వచ్చేముందు తమలో ఎవరూ చేయలేకపోయిన లెక్క ఒకటి పంపడం.

ఏడో పని: పక్కవాడిది ఎక్కించుకోలేని అసైన్‌మెంటు ఇవ్వండి

కష్టపడి చేసినవాడికి, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను తిరగరాసినవాడికి ఒకే మార్కు వస్తే మొదటివాడికి కోర్సు మీద గౌరవం పోతుంది. కాపీ కొట్టేవారిని పట్టుకోవడానికి నిఘా సాఫ్ట్‌వేరు వెతుక్కోవడం కన్నా, ఎవరి లెక్క వారికి వేరుగా ఉండేలా ప్రశ్న ఇవ్వడం తేలిక.

దీనికి నేను మొదట కనిపెట్టిన ఉపాయం మాత్రం పాటించకండి. పది విలువలిచ్చి, ప్రతి విలువకూ మీ రోల్ నంబరు చివరి అంకె కలిపి స్టాండర్డ్ డీవియేషన్ కనుక్కోండి అన్నాను. అన్ని విలువలకూ ఒకే సంఖ్య కలిపితే సగటు మారుతుంది కానీ స్టాండర్డ్ డీవియేషన్ మారదు! అరవై మందికీ ఒకే జవాబు వచ్చింది. గణాంకశాస్త్రం చెప్పేవాడు చేయవలసిన పొరపాటు కాదది. ఒక అమ్మాయి మాత్రం, "సర్, ఏ అంకె కలిపినా ఇదే వస్తోంది, మీరు కావాలనే ఇచ్చారా?" అని పేరు లేని ఫారంలో అడిగింది, అడిగింది తానేనని తరువాత లైవ్ క్లాసులో చెప్పింది. అవునని బొంకకుండా నిజం ఒప్పుకుని, ఆ వారం పాఠమంతా దాని మీదే నడిపాను. ఇప్పుడు మొదటి విలువకు మాత్రమే రోల్ నంబరు చివరి రెండంకెలు కలపమంటాను.

అంతకన్నా మంచిది, దత్తాంశాన్ని వారినే తెచ్చుకోమనడం. తమ బస్సు పది రోజులపాటు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో రాసుకోవచ్చు. రైతు బజారులో ధరల బోర్డు ఉంటుంది. టమాటా ధరను పది రోజులు, ఉల్లి ధరను పది రోజులు రాసుకుని ఏది ఎక్కువ ఊగిసలాడిందో తేల్చవచ్చు. బోర్డుకు తేదీ కనిపించేలా ఫొటో, చేత్తో వేసిన లెక్క, దాని అర్థం తెలుగులో ఐదు వాక్యాలు, ఇంతే అసైన్‌మెంటు. దిద్దడానికి ఒక్కొక్కదానికి నాలుగు నిమిషాలు పడుతుంది, అరవైకి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ మీ వారంలో ముందే కేటాయించుకుని, ఇచ్చిన మాట ప్రకారం ఏడు రోజుల్లో మార్కులు వేయండి. ప్రతి పేపరు మీద ఆ విద్యార్థి దత్తాంశం గురించి ఒక్క వాక్యం రాయండి: "శనివారం బస్సు 35 నిమిషాలు ఆలస్యమైందన్నారు; ఆ ఒక్క రోజు తీసేసి చూస్తే ఎంత వస్తుంది?" "గుడ్" అని రాయడం, ఏమీ రాయకపోవడం ఒకటే.

ఎనిమిదో పని: మూడో వారంలోనే అడగండి, విన్నదంతా చేయకండి

కోర్సు చివర తీసుకునే అభిప్రాయ సేకరణ తరువాతి బ్యాచికి ఉపయోగపడుతుందేమో కానీ, రాసినవారికి ఏ ఉపయోగమూ లేదు. ఆ సంగతి వారికీ తెలుసు, అందుకే అన్నిటికీ నాలుగో ఐదో కొట్టేసి పోతారు. మూడో వారం చివర రెండు ప్రశ్నలు అడగండి: ఈ కోర్సులో మీ సమయం వృథా చేస్తున్నది ఏది? తీసేయకూడనిది ఏది? వచ్చినవాటిలో ఒక్కదానినైనా వెంటనే మార్చి, సోమవారం ఉత్తరంలో ఏది మార్చారో, ఏది ఎందుకు మార్చలేదో చెప్పండి.

మార్చకూడనివి కొన్ని ఉంటాయి. 2019లో లూయీ డెలారియే బృందం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తొలి స్థాయి భౌతికశాస్త్రం చదివేవారి మీద చేసిన పరిశోధన ప్రచురితమైంది. చక్కటి ఉపన్యాసం విన్నవారు తాము బాగా నేర్చుకున్నామని అనుకున్నారు. తామే కూర్చుని లెక్కలు చేసినవారు అంతగా నేర్చుకోలేదనుకున్నారు. పరీక్ష పెడితే రెండో వర్గానికే ఎక్కువ మార్కులు వచ్చాయి. అంతకుముందు 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలోనూ ఇటువంటిదే తేలింది: ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం చదివినదాన్ని గుర్తుచేసుకుంటూ రాసినవారు ముందుకు వచ్చారు. కాబట్టి "క్విజ్‌లు తగ్గించండి, వీడియోలు పెంచండి" అని ఎక్కువమంది రాస్తే కంగారుపడి క్విజ్‌లు తీసేయకండి. చదువుతున్నప్పుడు కష్టంగా అనిపించడానికీ, కోర్సు బాగా లేకపోవడానికీ తేడా ఉందని ఈ రెండు పరిశోధనలూ చూపించి చెప్పండి. గడువు తెలియకపోవడం, లింకు తెరుచుకోకపోవడం, జవాబు రాకపోవడం తీసేయవలసిన కష్టాలు. లెక్క తానే చేయవలసి రావడం ఉంచవలసిన కష్టం. విద్యార్థి అభిప్రాయాన్ని ఈ రెండు కుప్పలుగా విడగొట్టి, మొదటి కుప్పలోని ప్రతిదానికీ తల వంచండి.

చివరి వారంలో చేయవలసినవి

ఎనిమిదో వారంలో కొత్త పాఠం పెట్టకండి. వెనకబడినవారు అందుకోవడానికి, మీరు మిగిలిన పేపర్లు దిద్దడానికి ఆ వారం కావాలి. పరీక్షకు మూడు రోజుల ముందే ఇంటర్నల్ మార్కుల పట్టిక ఎవరిది వారికి పంపి, లెక్కలో తేడా ఉంటే 48 గంటల్లో చెప్పమనండి. తేడాలు తప్పకుండా ఉంటాయి. ఉత్తమమైన ఆరింటిని ఎంచే చోట నా ఎక్సెల్ షీటు ప్రతిసారీ ఒకరిద్దరిని దాటవేస్తుంది.

కోర్సు ముగిసిన మర్నాడు పోర్టల్‌లో పేజీ మూసేయడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆ పని చేయకండి, మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు చేస్తానన్నా ఆపమనండి. సప్లిమెంటరీ రాయవలసినవారికి ఆ వీడియోలు, నోట్సు, సందేహాల డాక్యుమెంటు అప్పుడే అసలు అవసరమవుతాయి. సప్లిమెంటరీ ఫలితాలు వచ్చేదాకా పేజీ తెరిచే ఉంటుందని చివరి సోమవారం ఉత్తరంలో తేదీతో సహా రాయండి. అప్పటిదాకా సందేహాల ఫారంలోకి వారానికి ఒక్కసారి తొంగి చూస్తూ ఉండండి.